కొత్త గోల్ఫ్ సెట్టు కొనాలా, ఉన్నదాన్ని సరిచేయించుకోవాలా?

జవాబంతా మీరిచ్చిన వివరాల మీదే ఆధారపడి ఉంది కాబట్టి మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీకు 46 ఏళ్లు, హ్యాండిక్యాప్ 22 (ఈ అంకె తగ్గేకొద్దీ ఆట మెరుగన్నమాట), హైదరాబాదులో నెలకు మూడు నాలుగు రౌండ్లు ఆడతారు. 2012లో ఒక సహోద్యోగి దగ్గర కొన్న ఫోర్జ్డ్ ఐరన్లు (సాగగొట్టిన లోహపు తలలున్న కర్రలు), అదే ఏడాది నాటి 460 ఘన సెంటీమీటర్ల తల ఉన్న డ్రైవర్ (దూరం కోసం మొదటి దెబ్బకు వాడే పెద్ద తల కర్ర) ఇప్పటికీ వాడుతున్నారు. డ్రైవర్‌తో మీ స్వింగ్ వేగం గంటకు 87 మైళ్లని కొలిచి చెప్పారు. మీ మిత్రుడు ఈ మధ్య కొత్త సెట్టు కొని ఏడో ఐరన్‌తో 155 గజాలు కొడుతుంటే మీరు 140 దగ్గరే ఆగిపోతున్నారు. డాలస్‌లో ఉంటున్న మీ బావమరిది డిసెంబరులో వస్తున్నాడు కనుక, లక్షన్నర రూపాయల లోపు మొత్తం సెట్టును అక్కడి నుంచే తెప్పించుకోవచ్చా అని అడిగారు.

మొత్తం సెట్టును తెప్పించుకోవద్దు. కొన్ని మాత్రం తెప్పించుకోండి, కొన్నింటిని ఇక్కడే బాగుచేయించుకోండి, ఐరన్ల సంగతి మాత్రం వచ్చే వేసవి దాకా ఆపండి. ఇలా చెప్పడానికి కారణాలు వివరిస్తాను.

నేను 27 ఏళ్లుగా ఆడుతున్నాను. వ్యాపారిని కాను, గత పదిహేనేళ్లుగా మా ఇంటి వెనక షెడ్డులో మిత్రుల కోసం గ్రిప్పులు (చేతి పట్టు రబ్బర్లు) మార్చడం, షాఫ్టులు (తలకూ పట్టుకూ మధ్య కర్ర) కోయడం, లాఫ్టులు కొలవడం అలవాటుగా చేస్తున్నాను. మన భాషలో ఈ ఆట గురించి మాట్లాడటంలో ఒక చిక్కుంది. కొత్త క్లబ్బులు కొన్నానని నేను మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు, మా నాన్నగారు పేకాట క్లబ్బులనే అనుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకని ఈ జవాబులో వీలైనంత వరకు డ్రైవర్, ఐరన్, వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడే ఎక్కువ వాలున్న కర్ర) అని విడివిడి పేర్లే వాడతాను.

మీ మనసులో అసలు గుచ్చుకుంటున్నది ఆ పదిహేను గజాల తేడా కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. మీ మిత్రుడి ఏడో ఐరన్‌కూ మీ ఏడో ఐరన్‌కూ అంకె ఒక్కటే తప్ప అవి ఒకే పనిముట్టు కావు. మీరు రాసిన మోడల్‌లో ఏడో ఐరన్ లాఫ్ట్, అంటే దాని ఫేస్ (బంతికి తగిలే ముఖం) వెనక్కి వాలి ఉండే కోణం, 34 డిగ్రీలు. దూరం కోసం తయారయ్యే ఇప్పటి ఐరన్లలో అదే అంకె 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటోంది. పింగ్ జీ430 సెట్టులో ఏడో ఐరన్ 29 డిగ్రీలైతే, టేలర్‌మేడ్ స్టెల్త్‌లో 28. షాఫ్ట్ కూడా సాధారణంగా కొంచెం పొడుగే. మీ సంచిలో 29 డిగ్రీలకు దగ్గరగా ఉన్న క్లబ్బు ఆరో నంబరుకూ ఐదో నంబరుకూ మధ్య ఎక్కడో పడుతుంది. మీ మిత్రుడు కొడుతున్నది ఆ ఐరన్‌నే, అడుగున మాత్రం 7 అని చెక్కి ఉంది. 1970ల నాటి ఏడో ఐరన్లు 36, 38 డిగ్రీల దాకా వాలి ఉండేవి కనుక ఈ జరుగుడు నిన్నమొన్న మొదలైంది కాదు.

ఇంతమాత్రాన దీన్ని మోసమని కొట్టిపారేయడం కూడా సరికాదు. ఫేస్‌ను పలుచగా చేసి, బరువును సోల్‌కు (తల అడుగు భాగానికి), అంచులకు జరిపితే బంతి సహజంగానే ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. అలా లేస్తున్న బంతిని పాత ఎత్తుకు దించాలంటే లాఫ్ట్ తగ్గించాలి. తగ్గించినప్పుడు దూరం పెరుగుతుంది. ఇంజనీర్లు చేసినది అదే, అందులో తర్కం ఉంది. అయితే లాఫ్ట్ తగ్గిన కొద్దీ బ్యాక్‌స్పిన్, అంటే బంతి వెనక్కి తిరిగే సుడి, కూడా తగ్గుతుంది. గంటకు 100 మైళ్లకు మించి డ్రైవర్ తిప్పేవారికి ఆ నష్టాన్ని ఎత్తు భర్తీ చేస్తుంది, మీ వేగానికి అంతగా చేయదు. ఐరన్ షాట్ గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద నిలవాలంటే బంతి కనీసం 45 డిగ్రీల వాలుతో దిగాలని ఫిట్టింగ్ చేసేవారు, అంటే ఆటగాడి ఒంటికి తగ్గట్టు క్లబ్బులు కుదిర్చేవారు, ఒక మోటు లెక్క పెట్టుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో మన గ్రీన్లు ఎంత గట్టిపడతాయో మీకు తెలిసినదే. అప్పుడు గాల్లో 145 గజాలు ఎగిరి పది గజాలు దొర్లి గ్రీన్ వెనక గడ్డిలో చేరే 155 కన్నా, 138 దగ్గర పడి రెండు గజాల్లో ఆగే 140 విలువైనది. ఈసారి ఇద్దరూ కలిసి ఆడినప్పుడు మిత్రుడి బంతి ఎంత దూరం వెళ్లిందో చూడకండి, పడిన చోటి నుంచి ఎంత దొర్లిందో చూడండి.

దీనికి రెండో పర్యవసానం కూడా ఉంది, దాని గురించి దుకాణాల్లో ఎవరూ ముందుగా చెప్పరు. ఏడో ఐరన్ 28 డిగ్రీలైతే ఆ సెట్టులోని పిచింగ్ వెడ్జ్ 43 దగ్గరికి, కొన్నింటిలో 41 దగ్గరికి దిగుతుంది. మీ మిత్రుడు పాత 56 డిగ్రీల శాండ్ వెడ్జ్‌నే ఉంచుకొని ఉంటే ఆ రెండింటి మధ్య 13 డిగ్రీల ఖాళీ ఏర్పడుతుంది, అంటే సుమారు 80 నుంచి 115 గజాల మధ్య నిండు స్వింగ్‌తో కొట్టడానికి ఆయన దగ్గర సరైన క్లబ్బే ఉండదు. వెడ్జుల మధ్య తేడా నాలుగు నుంచి ఆరు డిగ్రీలు మించకుండా చూసుకోవాలన్నది ఈ విషయం తెలిసినవారంతా పాటించే పద్ధతి. మీ సంచిలో పిచింగ్ వెడ్జ్ 47, శాండ్ వెడ్జ్ 56 కాబట్టి తొమ్మిది డిగ్రీల ఖాళీ మీకూ ఉంది. 100 గజాల దగ్గర మీ స్కోరు చెదురుతోందని మీరు విడిగా రాశారు. రెండూ ఒకే జబ్బు. 51 లేదా 52 డిగ్రీల వెడ్జ్ ఒక్కటి ఆ ఖాళీని పూడుస్తుంది.

ఇప్పుడు డ్రైవర్ విషయం. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొత్త డ్రైవర్లు వస్తాయి, ప్రతిదానికీ నిరుటి దానికన్నా పొడుగు అన్న ప్రకటన ఉంటుంది. ఇందులో ఏది నిజమో తేల్చుకోవాలంటే నిబంధనల చరిత్ర కొంచెం తెలియాలి.

పెర్సిమన్ చెక్క తలలను లోహం పక్కకు నెట్టిన కథ 1979లో గ్యారీ ఆడమ్స్ టేలర్‌మేడ్‌ను స్థాపించడంతో ఊపందుకుంది. 1991లో క్యాలవే బిగ్ బెర్తా వచ్చినప్పుడు దాని తల 190 ఘన సెంటీమీటర్లే అయినా చూసినవారు ఇంత పెద్దదా అని ఆశ్చర్యపోయారు. 1995లో టైటానియంతో చేసిన గ్రేట్ బిగ్ బెర్తా 250కి చేరింది. ఆ తర్వాత పదేళ్ల లోపే తల దాదాపు రెట్టింపైంది, ఫేస్ ట్రాంపొలిన్ లాగా స్పందించే స్థాయికి పలుచబడింది. అప్పుడు ఆట నియమాలు రాసే యూఎస్‌జీఏ (అమెరికా), ఆర్ అండ్ ఏ (బ్రిటన్) సంస్థలు గీతలు గీశాయి: ఫేస్ స్ప్రింగ్ గుణానికి ఒక పరిమితి, 2004 నుంచి తల పరిమాణానికి 460 ఘన సెంటీమీటర్ల పరిమితి, 2006లో జడత్వ భ్రామకానికి (దెబ్బకు తల మెలి తిరగకుండా నిలిచే గుణానికి) మరో పరిమితి. మీ 2012 నాటి డ్రైవర్ ఈ గీతలన్నింటికీ ఆనుకునే తయారైంది. ఈ ఏడాది దుకాణంలో ఉన్నదీ వాటికి ఆనుకునే ఉంటుంది. నడిమధ్యన తగిలిన బంతి వేగం విషయంలో ఆ రెండింటి మధ్య మీరు గుర్తించగలిగినంత తేడా ఉండటానికి నియమాలు చోటివ్వవు.

సాధారణ ఆటగాళ్ల లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఔత్సాహిక పురుష ఆటగాళ్ల డ్రైవింగ్ దూరాన్ని ఆర్ అండ్ ఏ ఏళ్ల తరబడి కొలిపించింది. 1996లో సగటు 200 గజాలు, 2019లో సుమారు 215. ఇరవై మూడేళ్లలో వచ్చిన ఆ పదిహేను గజాల్లోనూ అధిక భాగం మొదటి పదేళ్లలో, చిన్న తలల నుంచి పెద్ద తలలకు మారిన కాలంలోనే వచ్చింది. వృత్తి ఆటగాళ్ల దూరాలు ఆ తర్వాత కూడా పెరిగాయి, కాని అందులో వాళ్ల కండబలం, వ్యాయామం, కొలతల యంత్రాల ముందు గడిపే గంటల వాటా పెద్దది. అందుకే 2000 కన్నా ముందు నాటి డ్రైవర్ వాడుతున్నామని ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని మార్చుకోమంటాను. పదేళ్ల వయసున్న డ్రైవర్ అయితే కొలిచి చూశాకే మాట్లాడతాను.

మరి ఇరవై ఏళ్ల పరిశోధన ఏమైనట్టు? అది మధ్యలో తగలని బంతుల దగ్గర ఉంది, మన లాంటివారికి పనికొచ్చేదీ అదే. బంతి ఫేస్ అంచుకు తగిలినప్పుడు తల మెలి తిరుగుతుంది, వేగం పోతుంది, దిశ చెదురుతుంది. బరువును తల చుట్టుకొలతకు, వెనక్కి జరిపితే ఆ మెలి తగ్గుతుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టన్ సోల్‌హైమ్ 1959లో ఇంటి గ్యారేజీలో మొదటి పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బు) చేసినప్పుడు పట్టుకున్న సూత్రం ఇదే. పింగ్ అన్న పేరు ఆ పటర్ చేసిన చప్పుడు నుంచి వచ్చింది. ఇప్పుడు డ్రైవర్ పైకప్పును కార్బన్‌తో చేసి మిగిలిన బరువును వెనక్కి తోస్తున్నారు. ఫేస్ మందాన్ని చోటుకొక రకంగా మారుస్తున్నారు. 2022లో టేలర్‌మేడ్ ఏకంగా 60 పొరల కార్బన్ ఫేస్ తెచ్చింది. 2024లో వచ్చిన పింగ్ జీ430 మ్యాక్స్ 10కే రెండు దిశల జడత్వ భ్రామకాల మొత్తాన్ని పదివేలు దాటించింది. ఈ అంకెల అర్థం ఒక్కటే: అరంగుళం పక్కకు తగిలిన బంతి ఇదివరకటి కన్నా కొన్ని గజాలు ఎక్కువ వెళ్తుంది, కొంచెం తక్కువ వంకరగా వెళ్తుంది. ప్రకటనల్లోని గరిష్ఠ దూరం మీకు రాకపోవచ్చు గాని, మీ చెడ్డ షాట్ కొంచెం తక్కువ చెడ్డదవుతుంది. ఇది చిన్న లాభమేమీ కాదు.

దానికన్నా పెద్ద లాభం ఇంకొకటుంది, దానికి కొత్త తల అవసరం లేదు. బంతి వేగాన్ని క్లబ్బు వేగంతో భాగిస్తే వచ్చే అంకెను స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. డ్రైవర్‌కు దాని ఆచరణాత్మక గరిష్ఠం 1.5 దగ్గర. మీ 87 మైళ్ల వేగానికి 1.48 వస్తే బంతి 129 మైళ్ల వేగంతో బయల్దేరుతుంది, 1.38 వస్తే 120తో. బంతి వేగంలో ఒక్కో మైలుకు సుమారు రెండు గజాలని లెక్కవేసుకుంటే ఇది 18 గజాల తేడా. వైట్‌బోర్డు మార్కరుతో బంతి మీద ఒక మచ్చ పెట్టి, మచ్చ ఫేస్‌కు ఎదురుగా ఉండేలా టీ మీద ఉంచి పది బంతులు కొట్టండి, ప్రతి దెబ్బ తర్వాత ఫేస్ మీద ముద్ర ఎక్కడ పడిందో చూసి తుడిచేయండి. ముద్రలన్నీ అరచేయంత మేర చెల్లాచెదురుగా ఉంటే అది డ్రైవర్ వయసు వల్ల కాదు. షాఫ్ట్ పొడవు ఒక కారణం కావచ్చు. పెర్సిమన్ రోజుల్లో డ్రైవర్ 43 అంగుళాలు ఉండేది, ఇప్పుడు దుకాణంలో దొరికేవి 45.5 పైనే. పొడుగు కర్రతో వేగం వస్తుంది, మధ్యలో తగిలించడం కష్టమవుతుంది. ప్రపంచంలో అందరికన్నా బాగా ఆడేవారిలో చాలామంది 45 దగ్గరే ఆగుతున్నారని గుర్తుంచుకోండి.

ఈ విషయంలో నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం ఒకటుంది. 2011లో ఒక దుకాణంలో అమ్మకందారు నా చేత పదిహేను బంతులు కొట్టించి, వాటిలో అన్నిటికన్నా గట్టిగా తగిలిన ఒక్కదాని వేగం చూసి స్టిఫ్ షాఫ్ట్ అంటగట్టాడు, నేనూ పౌరుషానికి పోయి ఒప్పుకున్నాను. రెండేళ్లు బంతి కుడివైపు పొదల్లోకే వెళ్లింది. చివరికి పాత డ్రైవర్‌లోని 55 గ్రాముల రెగ్యులర్ షాఫ్ట్‌నే దీనికి ఎక్కించి, అరంగుళం కోసి, తల మీద చిన్న సీసం పట్టీ అంటించాక దారికొచ్చింది. షాఫ్ట్ మీద ఉండే రెగ్యులర్, స్టిఫ్ అనే అక్షరాలకు పరిశ్రమ మొత్తానికి వర్తించే ప్రమాణమంటూ ఏదీ లేదు. ఒక కంపెనీ రెగ్యులర్ మరో కంపెనీ స్టిఫ్ కన్నా బిగువుగా ఉండవచ్చు. కాబట్టి ఆ అక్షరం చూసి కొనకండి, బరువు చూడండి, కొట్టి చూడండి. మీ డ్రైవర్‌లో 65 గ్రాముల స్టిఫ్ షాఫ్ట్ ఉందని రాశారు. 87 మైళ్లకు అది బరువని నా అనుమానం.

కాబట్టి డబ్బు ఏ వరుసలో ఖర్చు చేయాలో చెబుతాను. మొదట గ్రిప్పులు. మీవి ఐదేళ్లుగా మార్చలేదన్నారు. రబ్బరు మన ఎండకూ చెమటకూ గట్టిపడి నునుపెక్కుతుంది, చేతులు తెలియకుండానే బిగుసుకుంటాయి, బిగుసుకున్న చేతులతో తల సమయానికి తిరగదు. కారు డిక్కీలో సంచిని వదిలేసే అలవాటుంటే ఇంకా త్వరగా పాడవుతాయి. నెలకు నాలుగు రౌండ్లు ఆడేవారు ఏడాదికొకసారి మార్చుకోవడం న్యాయం. మీ చేతి పరిమాణానికి సరిపోయేది ఎంచుకోండి. పట్టుకున్నప్పుడు ఎడమచేతి మధ్యవేళ్ల కొనలు అరచేతిని తాకీ తాకనట్టు ఉండాలి. మొత్తం సెట్టుకు గ్రిప్పులు వేయించడానికి ఒక వెడ్జ్ ధర కూడా కాదు.

తర్వాత వెడ్జులు, ఇందులో మొహమాటం వద్దు. మీ 56 డిగ్రీల వెడ్జ్ పన్నెండేళ్లు దాటినది. దాని గాడులు ఇసుకకు అరిగి అంచులు గుండ్రబడి ఉంటాయి, ఫోటోలో కూడా అది తెలుస్తోంది. గడ్డిలోంచి, తడిలోంచి కొట్టినప్పుడు గాడులు నీటినీ గడ్డి రసాన్నీ పక్కకు తోయాలి. అరిగినవి ఆ పని చేయలేవు, బంతి పైకి జారి పొడుగు వెళ్లిపోతుంది. గాడులు ఆటను ఎంతగా మారుస్తాయో తెలియాలంటే, 2010లో నియమ సంస్థలు వాటి పరిమాణాన్నీ అంచుల పదునునూ ప్రత్యేకంగా నియంత్రించవలసి వచ్చిందన్న ఒక్క సంగతి చాలు. మీరు మరో ఫిర్యాదు కూడా చేశారు, వేసవిలో ఈ వెడ్జ్ నేలకు తగిలి ఎగిరి బంతి నడుముకు కొడుతోందని. దాని బౌన్స్ 14 డిగ్రీలు కాబట్టి అలా జరుగుతోంది. బౌన్స్ అంటే సోల్ వెనక భాగం ముందు అంచు కన్నా ఎంత కిందికి ఉందన్న కోణం. అది మెత్తటి నేలలో, లోతైన ఇసుకలో క్లబ్బు దిగబడకుండా కాపాడుతుంది, గట్టి నేల మీద ఎగరేస్తుంది. గోల్కొండ పక్క కోర్సులో గాని, గచ్చిబౌలి బండల మధ్య కోర్సులో గాని ఏడాదిలో సగం రోజులు ఆడేది గట్టి నేల మీదే కనుక 51కి 8, 56కి 10 బౌన్స్ దగ్గర తీసుకోండి. వానాకాలంలో కొంచెం ఇబ్బంది పడతారు, పరవాలేదు.

మీ నాలుగు, ఐదు నంబర్ ఐరన్లను పక్కన పెట్టి ఒక హైబ్రిడ్ (ఐరన్‌కూ వుడ్‌కూ మధ్య రకం), ఒక ఏడో వుడ్ (డ్రైవర్ ఆకారంలోనే చిన్న తల ఉన్నది) పెట్టుకోమని చెప్పడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. మీరే నాలుగో నంబరు ఏడాదిగా తీయలేదని రాశారు. ఇటీవలి కాలంలో సాంకేతికత నిస్సందేహంగా గెలిచిన చోటు ఇది. సన్నటి పొడుగు ఐరన్‌ను మీ వేగంతో పైకి లేపడం ఎవరికైనా కష్టమే.

డ్రైవర్‌కు ముందు తేలికైన షాఫ్ట్ వేయించి చూడవచ్చు, లేదా గత తరం డ్రైవర్ తెప్పించుకోవచ్చు. రెండోదాని వైపే నా మొగ్గు, కారణం మీ బావమరిది వస్తున్నది డిసెంబరులో కావడం. కొత్త మోడళ్లు జనవరిలో రాబోతున్నాయంటే డిసెంబరులో అమెరికా దుకాణాలు ఉన్నవాటి ధర దించుతాయి. టైట్‌లిస్ట్, పింగ్ లాంటివి తమ ముఖ్యమైన డ్రైవర్లను సాధారణంగా రెండేళ్లకొకసారి మారుస్తాయి, కొన్ని కంపెనీలు ఏటా మారుస్తాయి. ఒక తరం వెనకది కొంటే ధరలో మిగిలేది ఎక్కువ, ఆటలో పోయేది దాదాపు ఏమీ ఉండదు. 10.5 లేదా 12 డిగ్రీల తల తీసుకోండి. 9 డిగ్రీల తల మీకు వద్దు. నిదానమైన స్వింగ్‌కు బంతి ఎత్తుకు లేవకపోతే దూరమే రాదు. హోజెల్ (తలలో షాఫ్ట్ దిగే చోటు) దగ్గర కోణం మార్చుకునే వీలు ఇప్పుడు చాలా డ్రైవర్లకు ఉంది, అది నిజంగా పనికొచ్చే సౌకర్యం. ఒకసారి అమర్చాక మాత్రం వారానికొకసారి రెంచి తిప్పుతూ కూర్చోకండి.

అమెరికాలో ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నకిలీల విషయంలో జాగ్రత్త పడమని మీ బావమరిదికి చెప్పండి. మామూలు ధరలో సగానికి సీలుతో సహా కొత్తది దొరుకుతోందంటే అది సాధారణంగా నకిలీయే. టైటానియం ఫేస్ అని రాసి ఉన్నదానికి అయస్కాంతం అంటుకుంటే ఇక సందేహించనక్కర్లేదు. తయారీదారుల సొంత పాత సరుకు దుకాణాలు కొన్నింటికి ఉన్నాయి, వాటిలో కొనడం నిశ్చింత. రసీదులు వెంట తెచ్చుకోమనండి, విమానాశ్రయంలో కస్టమ్స్ మినహాయింపు ఎంత ఉందో బయల్దేరే ముందు చూసుకోమనండి. డ్రైవర్ తల విప్పి విడిగా సర్దుకుంటే దారిలో విరిగే భయం తక్కువ.

పటర్ మార్చాలా అని చివర్లో అడిగారు. ఆ విభాగంలోనూ మెలి తిరగని తలల వరస నడుస్తోంది, 2025 యూఎస్ ఓపెన్‌ను జేజే స్పాన్ అలాంటి ల్యాబ్ గోల్ఫ్ పటర్‌తోనే గెలిచాడు. మీ ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, పటర్ 35 అంగుళాలు. ముందు దాన్ని 33కి కోయించి మూడు నెలలు ఆడండి.

ఇక ఐరన్లు. వీటిని ఎందుకు ఆపమన్నానో చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్న మొదలైంది వాటితోనే. మీ సహోద్యోగి అమ్మిన ఫోర్జ్డ్ సెట్టు మంచిదే గాని అది ఒంటి అంకె హ్యాండిక్యాప్ ఉన్నవారి కోసం చేసినది. అంచులకు తగిలితే క్షమించదు. గ్రీన్‌కు దూరం నుంచి కొట్టే షాట్లే ఆటగాళ్ల మధ్య తేడాను ఎక్కువగా నిర్ణయిస్తాయని, 100 గజాలకు అవతలి షాట్లది అందులో మూడింట రెండు వంతుల వాటా అని కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ లెక్కలు కట్టి చూపాడు. కాబట్టి మీకు సరిపోయే ఐరన్లు రావడం అవసరమే. సరిపోవడం మాత్రం డాలస్ దుకాణంలో మీ బావమరిది చేతుల మీద తేలేది కాదు. పొడవు, లై కోణం (షాఫ్ట్ నేలతో చేసే కోణం), షాఫ్ట్ బరువు మూడూ మీ ఒంటికి కుదరాలి. దుకాణంలో వరుసగా పెట్టి ఉన్న సెట్లు మీకన్నా మూడు నాలుగు అంగుళాలు పొడవైన మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. లై కోణం తప్పితే, మీరు తిన్నగా స్వింగ్ చేసినా ఫేస్ ఎడమకో కుడికో చూస్తుంది, మీరేమో స్వింగ్‌లో లోపం ఉందనుకుని ఉన్నదాన్ని చెడగొట్టుకుంటారు. ఫోర్జ్డ్ ఐరన్లను వంచి లై సరిచేయడం తేలిక, పోత ఐరన్లను వంచడం కష్టం. అందుకే తర్వాత వంచుకుందాంలే అని పోత సెట్టు కొనకూడదు.

వృత్తి ఆటగాడు సాహిత్ తీగల మన తెలుగువారి అబ్బాయి కదా, ఆయన వాడే రకం ఐరన్లు ఎలా ఉంటాయని కూడా రాశారు. 2023లో ఆయన ఫోర్టినెట్ టోర్నీ గెలిచిన రోజు మేమూ తెల్లవారేదాకా మేల్కొన్నాం. అయినా పీజీఏ టూర్ (అమెరికా వృత్తి గోల్ఫ్ టోర్నీల వరస) ఆటగాడి సంచి మనకు చూడటానికే తప్ప కొనడానికి కాదు. బ్రైసన్ డిషాంబో 2024 యూఎస్ ఓపెన్ గెలిచింది ఒకే పొడవుతో త్రీడీ ముద్రణలో చేయించుకున్న ఐరన్లతో. అవి ఆయన స్వింగ్‌కు జవాబు, మన స్వింగ్ వేసే ప్రశ్న వేరు.

ఫిట్టింగ్‌కు వెళ్లినప్పుడు కొన్ని పట్టించుకోండి. గదిలో చాప మీద కొట్టిస్తే, బంతికి ముందు నేల తగిలిన దెబ్బ కూడా చాప మీద జారి మంచి షాట్‌గానే తెర మీద కనిపిస్తుంది. వీలైతే గడ్డి మీద కొట్టించమని అడగండి. మీరు మామూలుగా ఆడే బంతులే తీసుకెళ్లండి. గరిష్ఠ దూరం చూపిస్తే వద్దని, పది షాట్ల సగటు, వాటిలో అన్నిటికన్నా పొట్టిదానికీ పొడుగుదానికీ మధ్య తేడా అడగండి. బంతి దిగే కోణం ఎంతో అడగండి. తెర మీది అంకెలు ఏ ఊరి గాలికి లెక్కగట్టినవో కూడా తెలుసుకోవాలి. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక అదే దెబ్బ విశాఖ ఈస్ట్ పాయింట్ కోర్సులో దాదాపు రెండు శాతం తక్కువ వెళ్తుంది, 150 గజాల షాట్‌కు మూడు గజాలు. మీ విషయంలో 30, 31 డిగ్రీల ఏడో ఐరన్, 90 గ్రాముల లోపు షాఫ్ట్, అంచుల్లో బరువున్న వెడల్పు సోల్ దగ్గర తేలుతుందని నా ఊహ, కాని నా ఊహ మీద కొనకండి.

గ్రిప్పులు, రెండు వెడ్జులు, హైబ్రిడ్, ఏడో వుడ్, పాత తరం డ్రైవర్ కలిపినా మీ లక్షన్నరలో ఐరన్ల కోసం కొంత మిగలాలి. వాటితో మూడు నెలలు ఆడి, మార్చిలో ఫిట్టింగ్‌కు వెళ్లండి. ఆ రోజు పాత ఏడో ఐరన్‌ను ఇంట్లో వదిలేయకుండా సంచిలో పెట్టుకెళ్లి, కొత్త గ్రిప్పుతో ఉన్న దానితోనే మొదటి పది బంతులు కొట్టండి. తర్వాత చేతికిచ్చే ప్రతి ఐరన్‌నూ పోల్చవలసింది ఆ పది బంతుల సగటుతోనే. వాళ్లు ఇచ్చినదాని సోల్ మీద లాఫ్ట్ రాసి లేకపోతే కొలిపించి, మీ సెట్టులో ఆ డిగ్రీలకు దగ్గరగా ఉన్న ఆరో నంబరునో ఐదో నంబరునో కూడా పక్కన పెట్టి కొట్టి చూడండి.